బాప్తిస్మం లేకుండా కన్నుమూసిన నాన్న నరకానికే పోయారా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెద జాలరిపేట. అమ్మా నేనూ సంఘంలో చేరాము గానీ, నాన్న బాప్తిస్మం తీసుకోకుండానే గత వేసవిలో చనిపోయారు. పడవ ఒడ్డుకు చేరగానే పక్కింటి వితంతువుకు నాలుగు చేపలు పంపనిదే ఆయన బుట్టను బేరానికి పెట్టేవారు కాదు. ఆదరణ కూడికలో ఒక బోధకుడు, నాన్న ఇప్పుడు నిత్యాగ్నిలో ఉన్నారని అమ్మ ఎదుటే అన్నారు. చివరకు అందరూ రక్షింపబడతారనే వారు కూడా ఉన్నారు. ఏది నమ్మాలి? నాన్న కోసం ప్రార్థించవచ్చా?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: సోదరీ, మీ తండ్రిగారి మీద తీర్పు చెప్పే అధికారం ఆ బోధకునికి ఎవరూ ఇవ్వలేదు. ఎందరినో పరిశుద్ధులుగా ప్రకటించిన కతోలిక సంఘం సైతం, ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని ఏనాడూ ప్రకటించలేదు.

అందరి రక్షణ గురించిన చర్చ చాలా పాతది. మూడవ శతాబ్దంలో ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు, దేవుని శిక్ష మనిషిని బాగుచేయడానికేననీ, కడపట సమస్తమూ ఆయన వద్దకు తిరిగి చేరుతుందనీ ఆశించాడు. తరువాతి శతాబ్దంలో నిస్సా పట్టణపు బిషప్పు గ్రెగొరీ కూడా దాదాపు అదే ఆశను వెలిబుచ్చాడు. ఆ తరువాత వచ్చిన బిషప్పు అగస్టీను దీనిని గట్టిగా ఖండించాడు. 553లో బిషప్పులు కూడిన కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ఓరిజెన్ పేరును దుర్బోధకుల వరుసలో చేర్చింది. గ్రెగొరీని మాత్రం సంఘం నేటికీ పరిశుద్ధునిగానే గౌరవిస్తోంది. మన కాలంలో, 1988లో ఇంగ్లండుకు చెందిన ప్రొటెస్టెంటు బోధకుడు జాన్ స్టాట్, దుష్టులు అంతులేని బాధలో ఉండక చివరకు నశించిపోతారనే అభిప్రాయం వైపు మొగ్గాడు.

అందరూ తప్పక రక్షింపబడతారని నేను బోధించలేను. మత్తయి 25వ అధ్యాయంలో నిత్యశిక్షను గురించి హెచ్చరించినది ప్రభువే కనుక, ఆ మాటను తేలిక చేయడానికి నాకు మనసొప్పదు. అయితే ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి చదవండి. అక్కడ రాజు అడిగినది ఆకలిగొన్నవారికి అన్నం పెట్టారా, దిక్కులేనివారిని పరామర్శించారా అని. నీతిమంతులు సైతం తాము చేసినది ఆయనకే చేశామని తెలియక, ‘ప్రభువా, ఎప్పుడు?’ అని ఆశ్చర్యపోతారు. ఆ నాలుగు చేపలు మీ తండ్రిగారిని రక్షించాయని నేను అనను, రక్షించువాడు క్రీస్తే. కానీ ఆయన వాటిని లెక్కచేయడని అనడానికి నాకు ధైర్యం చాలదు. మోషే ధర్మశాస్త్రం లేని అన్యజనుల, అంటే యూదులు కానివారి, హృదయాలలోనూ దాని సారం వ్రాయబడి ఉన్నదని పౌలు రోమీయులకు వ్రాశాడు. తమ తప్పు లేకుండా సువార్తను ఎరుగనివారికి సైతం రక్షణ సాధ్యమేనని 1964లో కతోలిక సంఘపు రెండవ వాటికన్ మహాసభ ప్రకటించింది.

నరకాన్ని గురించిన హెచ్చరిక బ్రదికి ఉన్నవారు మారుమనస్సు పొందడం కోసం ఇవ్వబడినది. శవపేటిక పక్కన కూర్చున్న భార్య మీద దానిని ప్రయోగించడం క్రూరత్వం.

ఇక ప్రార్థన సంగతి. కతోలికులు, ఆర్థడాక్సువారు మృతుల కోసం ప్రార్థిస్తారు. ప్రొటెస్టెంటు సంఘాలలో చాలావరకు ఆ ఆచారం లేదు. మీ సంఘంలో బహిరంగంగా చేయకపోయినా, ఇంట్లో మీ నాన్నగారి పేరు దేవుని ముందు చెప్పుకోవడం తప్పని నేననుకోను. ‘సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా’ అని అబ్రాహాము సొదొమ వంటి పాపపు పట్టణం కోసమే దేవుని అడిగాడు. అమ్మగారికి ఈ జవాబు చదివి వినిపించండి; జరిగినది మీ సంఘ కాపరికి చెప్పి, ఆయననే ఒకసారి ఇంటికి వచ్చి అమ్మగారితో మాట్లాడమనండి.