కొర్చులా రేవులో రెండు రాత్రులు: పడవ ప్రయాణానికి సిద్ధమవుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీర్వదించి వ్రాయు లేఖ.

సెప్టెంబరులో క్రొయేషియా వెళ్లి, స్ప్లిట్ నగరంలో తెరచాప పడవను వారం రోజులకు అద్దెకు తీసుకుంటున్నారనీ, మీతో పాటు నీ స్నేహితుని కుటుంబమూ, మా అక్కయ్య కూడా వస్తున్నారనీ తెలిసి చాలా సంతోషించాను. నీవు పంపిన ప్రయాణ పట్టికను శ్రద్ధగా చదివాను. అందులో ప్రతి రాత్రికీ ఒక కొత్త రేవు ఉంది. కొర్చులా ద్వీపంలో అదే పేరుతో ఉన్న ఊరికి సాయంత్రం 6 గంటలకు చేరి, మరునాడు ఉదయం 7 గంటలకే బయలుదేరాలని వ్రాసుకున్నావు. ఆ తీరంలో పడవల మీద చాలాకాలం తిరిగినవాడిగా చెబుతున్నాను: మిగిలిన రేవుల్లో ఏదైనా వదులుకో గాని, కొర్చులాలో రెండు రాత్రులు ఉండేలా, అక్కడికి మధ్యాహ్నం ఒంటిగంటలోపే చేరేలా పట్టికను మార్చుకో.

ఇలా చెప్పడానికి మొదటి కారణం గాలి. వాతావరణం కుదురుగా ఉన్న రోజుల్లో అక్కడ వాయవ్యం నుంచి మాయెస్ట్రల్ అనే గాలి వీస్తుంది. పొద్దెక్కాక మొదలై, మధ్యాహ్నం దాటాక బాగా పుంజుకొని, సూర్యాస్తమయానికి అణిగిపోతుంది. కొర్చులా ద్వీపానికీ, ఎదురుగా ఉన్న పెల్యెషాట్స్ ద్వీపకల్పానికీ మధ్యనున్న జలసంధి ఊరి దగ్గర కిలోమీటరుకు కాస్త ఎక్కువ వెడల్పు మాత్రమే ఉంటుంది కాబట్టి, రెండు వైపులా కొండల మధ్య ఇరుక్కున్న ఆ గాలి అక్కడ మరింత వేగం అందుకుంటుంది. జలసంధికి ఆవలి గట్టున ఉన్న వీగాన్య్ అనే పల్లెకు తెరచాప బిగించిన పలకల మీద నీటిపై జారే ఆటగాళ్లు (విండ్‌సర్ఫర్లు) దేశదేశాల నుంచి వచ్చేది ఈ గాలి కోసమే. వారికి వరమైన ఆ గాలి, సాయంత్రం ఇరుకు రేవులో పడవను వెనక్కి నడిపి కట్టవలసిన కొత్తవారికి పెద్ద పరీక్ష. దానికి ముందు మజిలీ అయ్యే హ్వార్ పట్టణం నుంచి కొర్చులాకు దాదాపు 35 నాటికల్ మైళ్ల దూరం; గంటకు ఐదారు మైళ్లు నడిచే పడవకు ఆరేడు గంటలు పడుతుంది. అందువల్ల తెల్లవారగానే లంగరు ఎత్తండి.

ఇంకొక సంగతి నీ పట్టికలో లెక్కకు రాలేదు. వెళ్లేటప్పుడు మాయెస్ట్రల్ మీ వెనుక నుంచి వీస్తుంది గనుక ప్రయాణం హాయిగా సాగుతుంది. స్ప్లిట్‌కు తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురవుతుంది. వెళ్లిన వేగంతోనే తిరిగి వస్తామని అనుకుంటే, చివరి రెండు రోజులు ఇంజను మోతతో, ఎదురు అలల కుదుపుతో గడుస్తాయి. పడవను సాధారణంగా శనివారం సాయంత్రం అప్పగిస్తారు, శుక్రవారం సాయంత్రానికే మూలరేవుకు తిరిగి రమ్మంటారు. కాబట్టి ఆదివారం రాత్రి హ్వార్ దగ్గర, సోమ, మంగళవారాలు కొర్చులాలో, బుధవారం ష్చెద్రో ద్వీపపు అఖాతంలో, గురువారం బ్రాచ్ ద్వీపంలోని మిల్నాలో గడిపితే, తిరుగు దారి చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి, ప్రతిరోజూ గాలి లేవకముందే సగం దూరం నడిచిపోతుంది.

సెప్టెంబరులో మరో రెండు గాలులను కూడా దృష్టిలో ఉంచుకోవాలి. ఆగ్నేయం నుంచి వచ్చే యూగో మబ్బును, ఉక్కను వెంటబెట్టుకొని వచ్చి, రెండు మూడు రోజుల్లో పెద్ద అలలను పెంచుతుంది. అది ముందుగా సూచన ఇచ్చే గాలి. ఈశాన్యం నుంచి కొండల మీదుగా కిందికి దూకే బూరా అలా కాదు. ఆకాశం నిర్మలంగా ఉండగానే విసురు విసురుగా వచ్చి పడుతుంది. ఊరికి ఎదురుగా, ఆవలి గట్టునున్న ఒరెబిచ్ అనే ఊరి వెనుక నిలువుగా లేచిన 961 మీటర్ల స్వెతీ ఇలియా కొండను చూస్తే ఆ దూకుడు ఎక్కడి నుంచి వస్తుందో అర్థమవుతుంది. క్రొయేషియా వాతావరణ శాఖ వెలువరించే సముద్ర సూచనను ఉదయం, సాయంత్రం తప్పక చదువు. బూరా హెచ్చరిక ఉన్న రోజున రేవు విడవకూడదు. రెండు రాత్రుల ఏర్పాటు ఉంటే అటువంటి రోజును ఊళ్లోనే గడిపివేయవచ్చు. ఒక్క రాత్రి ఏర్పాటు ఉన్నవారే తొందరపడి బయలుదేరి ఇబ్బందుల్లో పడతారు.

పడవను ఎక్కడ కట్టాలన్నది తరువాతి ప్రశ్న. పాత ఊరు సముద్రంలోకి చొచ్చుకొని వచ్చిన చిన్న మొన మీద ఉంది. దానికి పడమట ఒక రేవు, తూర్పున అడ్డుగోడల మధ్య మరీనా, అంటే విహార పడవలు కట్టే రేవు, ఉన్నాయి. పడమటి రేవుకు మాయెస్ట్రల్ నేరుగా తగులుతుంది. పైగా ప్రయాణికుల ఓడలు వచ్చి వెళ్లినప్పుడల్లా నీరు కల్లోలమవుతుంది. పిల్లలు, పెద్దవారు ఉన్న మీరు మరీనాలోనే స్థలం తీసుకోండి, ముందుగానే బుక్ చేసుకోండి. అద్దె పడవ పొడవును బట్టి ఉంటుంది, రెండు పడవలను జతచేసినట్టుండే కాటమరాన్లకు మరింత ఎక్కువ. చోటు దొరకకపోతే ఊరికి ఆగ్నేయంగా ఉన్న లూకా అఖాతంలో లంగరు వేసుకోవచ్చు. అయితే సముద్రపు గడ్డి మీద లంగరు పట్టదు, ఆ గడ్డికి హాని కూడా జరుగుతుంది. నీటి అడుగున లేత రంగులో కనిపించే ఇసుక చూసుకొని వదలాలి.

మరీనాలో పడవను కట్టే పద్ధతి మన గోదావరి లాంచీలను రేవుకు పక్కగా చేర్చే పద్ధతి కాదు. అక్కడ పడవ వెనుక భాగమైన అమరాన్ని గట్టు వైపు తిప్పి, వెనక్కి నడుపుతూ రెండు పడవల మధ్యకు దూరాలి. గట్టు మీది మనిషి నీటి అడుగున ఉన్న ఒక తాడును ఎత్తి చూపుతాడు. దాని రెండవ కొస అడుగున కాంక్రీటు దిమ్మకు కట్టి ఉంటుంది. మీలో ఒకరు దానిని కొక్కెపు కర్రతో అందుకొని, పడవ పక్క వెంట ముందుకు నడిచి, ముక్కు దగ్గర బిగించి కట్టాలి. ఆ తాడు నిండా పాచి, గవ్వలు ఉంటాయి గనుక చేతికి తొడుగులు అవసరం. గాలి ఏ వైపు నుంచి వస్తున్నదో ఆ వైపు వెనుక తాడును ముందుగా గట్టుకు అందించాలి. ఆ తాడు నీటిలో జారి ఇంజను పంకాలో చుట్టుకోకుండా ఒకరు కనిపెట్టి ఉండాలి. గట్టుకూ, పక్క పడవలకూ రాసుకోకుండా పక్కలకు వేలాడదీసే మెత్తని ఫెండర్లను రేవులోకి రాకముందే దించి ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది: పడవ గట్టును తాకబోతున్నా సరే, చేత్తోగాని కాలితోగాని ఆపడానికి ఎవరూ ప్రయత్నించకూడదు. పది టన్నుల బరువు ముందు మనిషి ఎముక నిలవదు. పడవ కట్టడం పూర్తయ్యేవరకు పిల్లలూ, అక్కయ్యా కింద గదిలో కూర్చోవాలి.

సముద్రంపై పడవ నడపడానికి గుర్తింపు పొందిన అర్హత పత్రం, వీహెచ్ఎఫ్ రేడియో పత్రం అక్కడి చట్టప్రకారం తప్పనిసరి. మీలో ఎవరికీ అవి లేవు కాబట్టి పడవ నడిపే అక్కడి సారథిని, అంటే స్కిప్పర్‌ను, కుదుర్చుకోండి. ఆయనకు పడుకునే చోటు, భోజనం మీరే చూడాలి, అది అక్కడి ఆనవాయితీ. దీన్ని అదనపు ఖర్చుగా భావించవద్దు. పైన వ్రాసిన రేవు పనులన్నీ ఆయన ఆజ్ఞ ప్రకారమే నడవాలి. ఆయన రేవు విడవవద్దని చెప్పిన రోజున వాదించవద్దు. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి, ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల షెంగెన్ ప్రాంతంలోనూ, యూరో చలామణిలోనూ చేరింది గనుక భారతీయ పాస్‌పోర్టు గలవారందరికీ షెంగెన్ వీసా కావాలి. పడవలో ఉన్నవారి జాబితాలో పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తప్పకుండా ఉండాలి. మన ఇంటిపేర్లు ముందు వెనుకలయ్యే చిక్కు అక్కడే వస్తుంది. సముద్రంలో ఆపద వస్తే రేడియో 16వ చానెల్, ఫోనులో 195. గట్టు మీద అయితే 112. ఈ మూడూ పడవలో ఉన్న పెద్దలందరికీ కంఠతా రావాలి.

అక్కయ్య గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పడవ నుంచి గట్టు మీదికి ఒక సన్నని పలక మీదుగా నడవాలి. అది అలకు కదులుతూ ఉంటుంది. ఆమె మోకాళ్ల నొప్పులతో రోజూ ఆ పలక ఎక్కి దిగడం, ఇరుకు గదిలో పడుకోవడం కష్టం. కొర్చులాలో ఆ రెండు రాత్రులూ ఆమెకు ఊళ్లో ఒక గది తీసుకోండి, మీ పిల్లల్లో ఒకరిని తోడుంచండి. పాత ఊరి గోడల లోపల మెట్లు ఎక్కువ గనుక, గోడకు వెలుపల, మరీనా వైపు సమతలంగా ఉన్న చోట గది చూడండి. వారం మధ్యలో రెండు రోజులు కదలని నేల మీద నిద్రపోతే ఆమె తిరుగు ప్రయాణాన్ని కూడా ఆనందించగలదు.

ఇక ఊరు. సాయంత్రం చేరి ఉదయం వెళ్లిపోయేవారికి భోజనశాలల దీపాలు తప్ప అక్కడ ఏమీ కనబడదు. ఉదయం 8 గంటలకు, యాత్రికుల ఓడలు రాకముందు, నగర ద్వారం గుండా లోపలికి వెళ్లి, మధ్య వీధిలో నిలబడి రెండు పక్కలా చూడు. చేప ముల్లులా వీధులు రెండు వైపులకూ చీలి ఉంటాయి. వేసవి మాయెస్ట్రల్ ఇళ్లను చల్లబరచేలా పడమటి వీధులను తిన్నగా, బూరా విసురు లోపలికి రాకుండా తూర్పు వీధులను వంకరగా వేశారు. వచ్చే దారిలో పడవ మీద మీరు అనుభవించిన గాలులనే లెక్కలోకి తీసుకొని కొన్ని వందల ఏళ్ల కిందట ఒక ఊరిని కట్టారని పిల్లలకు అక్కడే నిలబెట్టి చెప్పు. శిఖరం మీద ఉన్న సెయింట్ మార్క్ ఆలయంలో వెనిస్ చిత్రకారుడు టింటొరెట్టో వేసిన చిత్రం ఉంది. తలుపు దగ్గరి శిల్పాలను కూడా తీరికగా చూడండి. ఆ శిల్పాలు ఇటలీలోని మిలాన్‌కు చెందిన శిల్పి బోనీనో పని; ఆలయంలోని మిగతా రాతిపనిలో చాలా భాగం ఎదుటి చిన్న దీవి వ్ర్నిక్ రాతి గనులతో పెరిగిన ఊరివారిదే.

మార్కో పోలో పుట్టిన ఇల్లని అక్కడ ఒకటి చూపిస్తారు. దానికి గట్టి ఆధారం లేదు. అయితే 1298లో వెనిస్, జెనోవా నౌకాదళాల మధ్య పెద్ద యుద్ధం ఆ ఊరి ముందరి నీటిలోనే జరిగింది, అందులో జెనోవా గెలిచింది. ఆయన ఆ పోరులోనే బందీగా చిక్కాడని సంప్రదాయంగా చెబుతారు. చెరలో ఉండగా ఆయన చెప్పిన యాత్రాకథనంలో ముత్ఫిలీ అనే పేరుతో మన మోటుపల్లి రేవు, ఒక రాణి ఏలుబడి, వజ్రాలు, సాలెగూడు వంటి సన్నని వస్త్రాలు కనబడతాయి. ఆ రాణి మన రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. తెలుగు పిల్లలు ఆ గట్టు మీద నిలబడి ఈ సంగతి వినకుండా తిరిగి రావడం నాకు ఇష్టం లేదు.

వేసవి సాయంత్రాల్లో మొరెష్క అనే కత్తుల నృత్యం జరుగుతుంది. ముసుగు వేసుకున్న యువతి కోసం ఇద్దరు రాజుల దళాలు నిజమైన కత్తులతో తలపడతాయి. ఇనుము మీద ఇనుము పడే చప్పుడుకు చిన్నపిల్లలు ఉలిక్కిపడతారు, ముందే చెప్పి ఉంచు. అది అన్ని రోజుల్లోనూ ఉండదు కాబట్టి తేదీని చూసుకొని మీ రెండు రాత్రులనూ దానికి అనుగుణంగా పెట్టుకోండి.

రెండవ రోజు పడవను కదల్చకండి. చిన్న టాక్సీ పడవలో బాదియా దీవికి వెళితే ఫ్రాన్సిస్కన్ మఠమూ, మనుషులకు బెదరని జింకలూ కనబడతాయి. లుంబార్దా పల్లెలో పిల్లలు ఆడుకోవడానికి ఇసుక తీరం ఉంది. ఆ తీరంలో ఎక్కువ చోట్ల రాళ్లే గనుక ఇసుక అరుదు. ఆ ఇసుక నేలలోనే గ్ర్క్ అనే ద్రాక్ష పండుతుంది. దాని పూలు తమంతట తాము ఫలదీకరణం చెందలేవు. అందుకని పక్కన మరో రకం ద్రాక్షను నాటుతారు. రాళ్ల తీరంలో దిగేటప్పుడు అందరికీ రబ్బరు చెప్పులు ఉండాలి. రాళ్లను అంటుకొని ఉండే ముళ్ల జీవులు (సీ అర్చిన్లు) కాలిలో గుచ్చుకుంటే సెలవంతా పాడవుతుంది.

శాకాహారులకు బంగాళదుంపలతో ఉడికించిన ఆకుకూర బ్లిత్వా అన్ని చోట్లా దొరుకుతుంది. ఆ ద్వీపపు ప్రత్యేకమైన జ్ర్నోవో మకరోని చేత్తో చుట్టి చేస్తారు గాని, మాంసపు రసంతో వడ్డిస్తారు. మాంసం లేకుండా ఇమ్మని ముందే అడగాలి. పడవలో అన్నం వండుకోవచ్చు, కందిపొడి, ఆవకాయ తీసుకెళ్లండి. బియ్యం, కూరలు ఊళ్లోనే కొనుక్కోవచ్చు. మంచినీటి ట్యాంకును మరీనా విడిచేముందు నింపుకోండి. అక్కడి ద్వీపాల్లో చాలావాటికి నీరు ప్రధాన భూమి నుంచి సముద్రం అడుగున వేసిన గొట్టాల్లో వస్తుంది గనుక పడవ కడగడానికి వృథా చేయకండి. మరుగుదొడ్డి ట్యాంకును రేవులోనూ, పిల్లలు ఈదే అఖాతాల్లోనూ ఎన్నడూ వదలకూడదు.

బుధవారం ఉదయం బయలుదేరేముందు మరీనా లెక్క చెల్లించి పడవ పత్రాలు వెనక్కి తీసుకో. సవరించిన పట్టికనూ, పడవ ఒప్పందాన్నీ సంతకం చేయకముందే నాకు పంపు. డిపాజిట్, బీమా షరతులు చదివి నా అభిప్రాయం వ్రాస్తాను. అక్కయ్యకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఆశీస్సులతో,
మామయ్య