ప్రొడక్ట్ మేనేజర్‌గా మారమంటున్నారు, రోడ్‌మ్యాప్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి రెండు. ఐదేళ్ళు డెవలపర్‌గా చేశాక ప్రొడక్ట్ బాధ్యత తీసుకోమంటున్నారు, రోడ్‌మ్యాప్ ఎలా వేయాలన్నది ఒకటి. టీమ్‌ని నడపడం చేతనవుతుందా, కోడింగ్ దూరమైపోతుందా అనే టెన్షన్ రెండోది. నేనూ అదే దారిలో వచ్చాను. హైదరాబాద్‌లో ఏడేళ్ళు కోడ్ రాసి, నెల్లూరు తిరిగొచ్చి, వడ్ల వ్యాపారులకూ రైస్ మిల్లులకూ కొనుగోలు లెక్కల యాప్ చేసే చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. మొత్తం పద్నాలుగు మందిమి.

ఈ సీజన్‌లో ఎవరి ఏ పని తేలిక చేయాలో తేల్చుకుని, మిగతావాటికి వద్దని చెప్పగలిగితే అదే రోడ్‌మ్యాప్. తేదీలు ఆ తర్వాత వాటంతటవే వస్తాయి. ఇది నాకు కోవూరు దగ్గర ఒక కాటా పక్కన కూర్చున్నప్పుడు తెలిసింది.

మా మొదటి వెర్షన్‌లో అన్నీ క్వింటాళ్ళలో పెట్టాం. మద్దతు ధర క్వింటాకే ప్రకటిస్తారు కాబట్టి అదే సరైందనుకున్నాం. డెమో చూసినవాళ్ళందరూ బాగుందన్నారు. తీరా కోతలు మొదలయ్యాక వాడేవాళ్ళే లేరు. ఎందుకో అంతుబట్టక నేనే వెళ్ళి ఒక పూటంతా కాటా దగ్గర కూర్చున్నాను. వడ్ల ట్రాక్టరు కాటా ఎక్కింది. బండి బరువు తీసేస్తే 5,780 కిలోలు. గుమాస్తా మా యాప్ తెరవనే లేదు. జేబులోంచి చిన్న క్యాలిక్యులేటర్ తీసి 850తో భాగించి, "6 పుట్ల 680" అని పుస్తకంలో రాసుకున్నాడు.

మా నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. రైతు అడిగేది పుట్టి ధర, బేరమాడేది పుట్టి మీద, ఇంటికెళ్ళి చెప్పుకునే లెక్కా పుట్లలోనే. 2024-25లో సాధారణ రకం మద్దతు ధర క్వింటా 2,300 రూపాయలు. ఆ మాట ఇక్కడ ఎవరికీ వెంటనే బుర్రకెక్కదు. పుట్టి 19,550 అంటే ఇట్టే తెలిసిపోతుంది.

"అన్నా, యాప్‌లో ఎందుకు కొట్టలేదు?" అని అడిగాను.

"నువ్వు క్వింటాళ్ళు చూపిస్తుండావు అబ్బయ్యా. రైతు పక్కనే నిలబడుండాడు. పుట్టికెంతో చెప్పకుండా నేను ఫోన్ చూసుకుంటా కూర్చుంటే అనుమానపడడా?"

అప్పటికి మా జాబితాలో పందొమ్మిది ఫీచర్లు ఉన్నాయి. మిల్లు యజమానులకు రంగురంగుల గ్రాఫులు, వాట్సాప్ రిమైండర్లు, ఇంకా ఏవేవో. అన్నీ పక్కన పెట్టి మూడే ఉంచాం: పుట్టి లెక్క, తరుగు, రైతుకిచ్చే చీటీ. పుట్టి లెక్కలో ఒక చిక్కుంది. 5,790 కిలోలను 6.81 పుట్లుగా డేటాబేస్‌లో పెడితే, తిరిగి కిలోల్లోకి మార్చేటప్పటికి కిలోన్నర మాయం. అందుకే లోపల కిలోలే ఉంచి, పుట్టి స్క్రీన్ మీద మాత్రమే చూపించాం.

తరుగు దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. వడ్లలో తేమ ఎక్కువుందని పుట్టికి ఇన్ని కిలోలని తగ్గించుకోవడం వ్యాపారంలో ఉన్నదే. మద్దతు ధర కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. బయటి బేరంలో తరుగు ఎంతన్నది మాత్రం మనిషిని బట్టి మారిపోతుంది. మా కస్టమర్లలో అందరికంటే పెద్ద వ్యాపారి, రైతు చీటీలో తరుగు విడిగా కనపడకూడదు, నికర బరువు ఒక్కటే పడాలి అన్నారు. కోడ్‌లో చూస్తే అది గంట పని. నేను తటపటాయించాను. మా యజమాని రెండు నిమిషాలు ఆలోచించి, "ఆయన మన కస్టమరే, కానీ ఆ చీటీ రైతు చేతికి పోతుంది. కుదరదని చెప్పేయండి, మాటొస్తే నా మీద పెట్టండి" అన్నారు. ఆ వ్యాపారి మానేశారు, మళ్ళీ రాలేదు. ఆ ఏడాది ఆదాయంలో ఆ లోటు బాగానే కనిపించింది. ఆ నిర్ణయం సరైందేనని నేను ఈరోజుకీ గట్టిగా నమ్ముతాను. మంచి మేనేజర్ అంటే ఎవరని అడిగితే నాకు గుర్తొచ్చేది ఆ "నా మీద పెట్టండి" అన్న మాటే.

ఇక తేదీలు. పెన్నా డెల్టాలో మొదటి కారు, అంటే మొదటి పంట కోతలు ఫిబ్రవరిలో ఊపందుకుంటాయి. అప్పుడు ఎవరికీ కొత్తది నేర్చుకునే తీరిక ఉండదు. మా పని సంక్రాంతికి ముందే జనం చేతికి చేరాలి, లేదంటే ఎడగారు, అంటే రెండో పంట కోతల దాకా ఆగాలి. ఏడాది ప్లాన్ వేసేటప్పుడు నేను ముందు చూసేది సోమశిలలో నీళ్ళెన్ని ఉన్నాయో. 78 టీఎంసీల రిజర్వాయరు నిండితే ఆయకట్టు పెరుగుతుంది, కాటాల దగ్గర రద్దీ పెరుగుతుంది, మా సర్వర్లమీద భారమూ పెరుగుతుంది. మీ రంగంలోనూ ఇలాంటి సోమశిల ఒకటి ఉంటుంది. అదేమిటో వెతికి పట్టుకోండి.

టీమ్ విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను. మొదటి ఏడాది, డెవలపర్లను ఒక్క మాటైనా అడగకుండా, పండగలోపు చీటీ ప్రింటింగ్ ఇస్తామని కస్టమర్లకు మాటిచ్చేశాను. భోగి నాడు కూడా ముగ్గురు ఆఫీసులోనే ఉన్నారు. వాళ్ళలో ఒకమ్మాయిది కావలి, గంట ప్రయాణం. ఆమె ఫోన్‌లో వాళ్ళమ్మతో "రేపు వస్తాలేమ్మా" అంటుంటే పక్క సీట్లోంచి విన్నాను. మర్నాడూ వెళ్ళలేదు. ఇంతా చేసి విడుదల చేసిన ప్రింటింగ్‌లో తప్పులు దొర్లి, నెలాఖరు దాకా దిద్దుకుంటూనే ఉన్నాం. ఆ తర్వాత నుంచి, పని చేసేవాళ్ళు రోజులు లెక్కేసి చెప్పందే నేను బయట తేదీ పలకను. దీపావళికల్లా జాబితా ఖరారు చేస్తాం, డిసెంబరంతా పరీక్షలకే. కొత్త ఆలోచన ఎంత గొప్పదైనా మధ్యలో దూర్చం.

మేనేజ్‌మెంట్ చేతనవుతుందా అన్నారు. గూగుల్ 2008లో ప్రాజెక్ట్ ఆక్సిజన్ పేరుతో తమ మేనేజర్లను పరిశీలించి, మంచి మేనేజర్లలో ఎనిమిది గుణాలు తేల్చింది. మొదటిది మంచి కోచ్‌గా ఉండడం. టెక్నికల్ నైపుణ్యం ఆ వరుసలో చిట్టచివరిది. నైపుణ్యం అక్కర్లేదని దీనర్థం చేసుకోకండి. కోడ్ బాగా వచ్చినంత మాత్రాన మనుషులతో పని కుదిరిపోదు, అంతే. నేను ఒక్కొక్కరితో వారానికి అరగంట మాట్లాడతాను. అందులో ఎక్కువసేపు మాట్లాడేది వాళ్ళే.

కోడింగ్ తగ్గుతుంది, ఆ మాట దాచను. నాకిప్పుడు మిగిలినవి రిపోర్టుల కోసం డేటాబేస్‌లోంచి లెక్కలు తీసే క్వెరీలే. అయితే ఆ కిలోన్నర తేడా కాటా దగ్గర కూర్చున్నప్పుడే నాకు తట్టిందంటే, అది కోడ్ రాసిన అనుభవం వల్లే.

సరేననే ముందు మీ పైవాళ్ళని ఒక్కటి అడగండి: పెద్ద కస్టమర్ అడిగినదానికి వద్దని చెబితే నా వెనక నిలబడతారా అని. సూటిగా జవాబు రాకపోతే ఇంకో ఏడాది డెవలపర్‌గానే ఉండండి.