ఆర్కిడ్ ఆకులు నిగనిగలాడుతున్నాయి, పువ్వు మాత్రం రావడం లేదు

సందేహం: మాది తణుకు దగ్గర పల్లె. కొబ్బరితోట రైతులం. రెండేళ్ల క్రితం పూలతో ఉన్న నాలుగు డెండ్రోబియం ఆర్కిడ్లు నర్సరీలో కొని, పెరట్లో మామిడిచెట్టు కింద వేలాడదీశాను. కిందటేడు మే నెలలో మా అబ్బాయి హైదరాబాద్ నుంచి రెండు ఫెలనాప్సిస్ ఆర్కిడ్ మొక్కలు మొగ్గలతో తెచ్చాడు. మామిడికాయలు మగ్గేసిన గదిలో వాటిని ఉంచాం. వారం తిరక్కుండానే మొగ్గలన్నీ పసుపెక్కి రాలిపోయాయి. తరువాత వాటిని ఎర్రమట్టి, వర్మికంపోస్టు కలిపిన కుండీల్లోకి మార్చాను. అన్నిటికీ రోజూ బోరు నీళ్లు, నెలకో చెంచా డీఏపీ వేస్తున్నాను. డెండ్రోబియం ఆకులు మంచి ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి కానీ, పువ్వులకు బదులు పాత కాడల మీద చిన్న చిన్న మొక్కలు పుడుతున్నాయి. ఫెలనాప్సిస్‌లో ఒకదాని ఆకులు మెత్తబడి వాలిపోయాయి. పూయాలంటే ఏ ఎరువు వేయాలి? ఆకులు రాలిన పాత కాడలు కోసేయాలా?

– ఒక గృహిణి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, కత్తెర పక్కన పెట్టండి. ఒక్క కాడ కూడా కోయవద్దు. డీఏపీ కూడా ఈ రోజు నుంచే ఆపేయండి. మీ మొక్కలకు తక్కువైంది ఎరువు కాదు, వెలుతురు. ఎక్కువైంది వేరు దగ్గర తడి, ఉప్పు. ఈ రెండూ సరిచేయకుండా ఎంత ఖరీదైన పూత మందు కొట్టినా పువ్వు రాదు.

ఆకులు ముదురు ఆకుపచ్చగా ఉన్నాయని సంతోషంగా రాశారు. వరికో వంగకో అయితే నేనూ సంతోషించేవాణ్ణి. ఆర్కిడ్‌లో మాత్రం నల్లటి ఆకుపచ్చ అంటే వెలుతురు చాలక, దొరికిన కొద్దిపాటి ఎండను పట్టుకోవడానికి ఆకు పత్రహరితం పెంచుకుంటోందని అర్థం. పూసే డెండ్రోబియం ఆకు లేత అరటాకులా కొంచెం పసుపు కలిసిన ఆకుపచ్చలో ఉంటుంది. అంచుల్లో ఊదా ఛాయ వస్తే వెలుతురు హద్దుకు చేరినట్టు. తెల్లగా మాడి ఆ తరువాత నల్లబడిన మచ్చ వస్తే హద్దు దాటినట్టు. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు మొక్క మీద జానెడు ఎత్తున మీ అరచెయ్యి పెట్టి చూడండి. నీడ స్పష్టంగా, వేళ్లతో సహా పడితే అది వాండా అనే ఆర్కిడ్‌కు, డెండ్రోబియంకు సరిపోయే చోటు. నీడ మసకగా పడితే ఫెలనాప్సిస్‌కు సరిపోతుంది. నీడే పడకపోతే అక్కడ ఏ ఆర్కిడూ పూయదు. ముదురు మామిడిచెట్టు కింద మీ చెయ్యి నీడ కనపడదని నా అనుమానం.

డెండ్రోబియంలను అక్కడి నుంచి తీసి, ఉదయం ఎండ పది, పదకొండు గంటల వరకు పడే తూర్పు వైపుకు మార్చండి. లేదా 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కింద వేలాడదీయండి. ఒక్కసారిగా మార్చవద్దు. రెండేళ్లు నీడలో పెరిగిన ఆకు నేరుగా ఎండ తగిలితే రెండు రోజుల్లో మాడుతుంది. పది, పదిహేను రోజులు కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మన కోస్తా ఎండకు నెట్ మీద ఇంకో పొర వేయక తప్పదు.

ఇక వేరు సంగతి. మీ కష్టాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మీరు పెంచుతున్న ఈ రెండు రకాలూ అడవిలో మట్టిలో పెరిగేవి కావు. చెట్టు కొమ్మను పట్టుకుని గాలిలో వేళ్లు వదులుతాయి. అలాగని బదనికలా చెట్టు రసం పీల్చవు, ఊతం మాత్రమే తీసుకుంటాయి. వాటి వేరు చుట్టూ స్పాంజిలాంటి తెల్లటి పొర ఉంటుంది, దాన్ని వెలమెన్ అంటారు. వాన పడగానే ఆ పొర నీటిని పీల్చుకుని పచ్చబడుతుంది. ఆరాక మళ్లీ వెండి రంగుకు వస్తుంది. ఇలా తడవడం, ఆరడం ఒకదాని తరువాత ఒకటి జరగాలి. మీరు ఎర్రమట్టిలో పూడ్చి రోజూ నీళ్లు పోశారు. ఆ పొర ఎప్పటికీ ఆరలేదు. గాలి ఆడక వేరు కుళ్లింది. వేరు కుళ్లితే ఆకుకు నీరు అందదు. అందుకే కుండీ నిండా తడి ఉన్నా ఆకు దాహంతో వాలిపోయింది. ఇది చూసి ఇంకా నీళ్లు పోసేవాళ్లే ఎక్కువ. ఇళ్లల్లో చచ్చిపోయే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం ఇలాగే పోతాయి.

వాలిపోయిన ఫెలనాప్సిస్‌ను ఇవాళే మట్టిలోంచి తీయండి. వేళ్లు కడిగి ఒక్కొక్కదాన్ని చేత్తో నొక్కి చూడండి. గట్టిగా ఉన్నది బతికున్న వేరు. నొక్కితే బోలుగా, జిగటగా ఉన్నది పోయినట్టే, కోసేయండి. కోసే బ్లేడును ప్రతి మొక్కకూ ముందు మంట మీద కాల్చాలి. ఆర్కిడ్లకు నయం కాని వైరస్ తెగుళ్లు ఉన్నాయి, అవి ఎక్కువగా కత్తెరల ద్వారానే ఒక మొక్క నుంచి ఇంకోదానికి పాకుతాయి. కోసిన చోట మాత్రమే వంటింటి దాల్చినచెక్క పొడి అద్దండి. బాగున్న వేళ్ల మీద చల్లితే వాటినీ ఎండగొడుతుంది. ఒక రోజంతా నీడలో ఆరబెట్టి, తరువాత పక్కలకు కూడా కన్నాలున్న చిన్న కుండీలో నాటండి. రెండు మూడు మంచి వేళ్లు మిగిలినా మొక్క బతుకుతుంది. లోపల వేళ్ల మధ్యన నర్సరీ నాటి నాచుగడ్డ ఏమైనా మిగిలిపోయిందేమో చూసి, నెమ్మదిగా విడదీసి తీసేయండి. పైన అంతా ఆరిపోయినా ఆ గడ్డ లోపల తడిగానే ఉండి వేరును కుళ్లబెడుతుంది.

నాటడానికి మట్టి, కొబ్బరి పొట్టు రెండూ వద్దు. మీ తోటలో కొబ్బరి డొక్కలకు కొదవ ఉండదు కదా. వాటిని అంగుళం ముక్కలుగా కోసి, పది పదిహేను రోజులు నీళ్లలో నానబెట్టండి. రంగు నీళ్లు దిగినప్పుడల్లా మార్చండి. ఆ ముక్కలు ఒక వంతు, కట్టెబొగ్గు ముక్కలు ఒక వంతు, ఇటుక ముక్కలు ఒక వంతు కలపండి. మన వైపు వానాకాలంలో డొక్క ఒక్కటే వేస్తే తడి నిలిచిపోతుంది, అందుకే బొగ్గు, ఇటుక. డెండ్రోబియంలకు కుండీ చిన్నదే మంచిది. నాటాక మొక్క ఊగకూడదు. ఊగితే కొత్త వేరు కొన రాసుకుని ఆగిపోతుంది. ఒక పుల్ల గుచ్చి మెత్తటి దారంతో కట్టండి. కుండీలోంచి బయటికి వచ్చిన వేళ్లను అలాగే వదిలేయండి, లోపలికి నొక్కవద్దు.

పాత కాడల మీద పుట్టిన చిన్న మొక్కల గురించి. వీటిని కేకీలు అంటారు. హవాయి ద్వీపాల భాషలో ఆ మాటకు పసిబిడ్డ అని అర్థం. మనం పిలకలు అనుకుందాం. పువ్వు రావలసిన కణుపులో పిలక వచ్చిందంటే సాధారణంగా మూడు కారణాలుంటాయి. నీడ ఎక్కువ, నత్రజని ఎక్కువ, లేదా కింద వేరు దెబ్బతిని మొక్క తన ప్రాణం పైకి దాటించుకుంటోంది. మీ దగ్గర మూడూ ఉన్నాయి. నిరాశ పడకండి, అవి మీకు ఉచితంగా దొరికిన మొక్కలు. పిలక వేళ్లు రెండు మూడు అంగుళాలు పెరిగాక, వేళ్లతో సహా విడదీసి చిన్న కుండీలో నాటండి. ఒకటి రెండేళ్లలో అవీ పూస్తాయి.

ఆకులు రాలిన కాడ ఎండుపుల్లలా కనిపిస్తుంది కానీ చచ్చినది కాదు. నీరూ పిండిపదార్థమూ దాచుకున్న గాదె అది. కొత్త కాడ ఆ నిల్వతోనే పెరుగుతుంది. పాత కాడ చివరి కణుపుల్లోనే మళ్లీ పూసిన మొక్కలు ఎన్నో చూశాను. పూర్తిగా గోధుమ రంగుకు మారి, లోపల పొల్లయిపోయిన కాడను మాత్రమే తీయండి. మొక్క సరైన దారిలో ఉందో లేదో తెలియాలంటే కొత్త కాడ పాతదానికంటే పొడవుగా, లావుగా పెరుగుతోందా అని చూడండి. ఏటేటా పొట్టిదవుతుంటే వేరు బాగాలేదన్నమాట. కొత్త కాడ పెరగడం ఆగి, చివరి ఆకు విచ్చుకున్నాక నీళ్లు కొంచెం తగ్గించండి. పూలకాడ వచ్చే సమయం అదే.

ఫెలనాప్సిస్ విషయంలో మీకు నిజం చెప్పాలి, కోస్తాలో అది అంత సులువు కాదు. దానికి పూలకాడ రావాలంటే కొన్ని వారాల పాటు చల్లదనం కావాలి. రోజులో ఎక్కువ గంటలు 28 డిగ్రీల పైన ఉంటే ఆకులు వేస్తూ పోతుంది. 25 డిగ్రీల లోపు ఉండి, రాత్రులు 18 డిగ్రీల దాకా దిగితే కాడ వేస్తుంది. హైదరాబాద్‌లో చలికాలం ఈ పని దానంతటదే చేసిపెడుతుంది. మీకు డిసెంబరు, జనవరి రాత్రులే అవకాశం. బాగా కోలుకున్న మొక్కను ఆ రెండు నెలలూ రాత్రి గదిలో ఉంచకుండా, చల్లగాలి తగిలే వరండాలో ఉంచండి. పగలు ఇంట్లో అన్నిటికంటే చల్లగా, వెలుతురుగా ఉండే చోటికి మార్చండి. వాలిపోయిన మొక్కకు మాత్రం ఈ ఏడు పూత ఆశించకండి. దానికి మూడు నాలుగు గట్టి ఆకులు రానివ్వండి.

మొగ్గలు రాలడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది, మామిడికాయలు. పండు మగ్గేటప్పుడు ఇథిలీన్ వాయువు వస్తుంది. కాయను పండించే ఆ వాయువే మొగ్గను ముసలిదాన్ని చేసి రాల్చేస్తుంది. మూసిన గదిలో అరటి గెల ఉన్నా ఇంతే. అగరుబత్తి పొగ, పొయ్యి పొగ కూడా మంచివి కావు. దానికి తోడు దూరప్రయాణం, మే ఎండ.

బోరు నీళ్ల ఉప్పదనాన్ని ఒకసారి పరీక్ష చేయించండి. కుండీ అంచున, బొగ్గు మీద తెల్లటి పొర కడుతుంటే ఆ నీళ్లు ఆర్కిడ్‌కు పనికిరానట్టే. వాన నీళ్లు పట్టి డ్రమ్ములో మూతపెట్టి దాచుకోండి. ఆర్వో శుద్ధి చేసిన నీళ్లు ఫరవాలేదు. ఆ యంత్రం బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. పొద్దున్నే పోయండి. కుండీ తేలికై, వేరు వెండి రంగుకు వస్తేనే మళ్లీ పోయాలి. వేసవిలో డెండ్రోబియంకు అది రోజూ కావచ్చు, ముసురు పట్టిన వారంలో అసలు అక్కర్లేదు. ఫెలనాప్సిస్ నడిబొడ్డున, ఆకుల మధ్య నీళ్లు నిలిస్తే గుడ్డతో అద్దేయండి. ఒక్క రాత్రి నిలిచినా మొవ్వు కుళ్లే ప్రమాదం ఉంది. తుపాను వానలకు అన్నిటినీ చూరు కిందకు మార్చండి.

ఎరువు అడిగారు కాబట్టి అదీ చెబుతాను. కొత్త వేళ్లు కనిపించాకే మొదలుపెట్టండి. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీటిలో కరిగే 19-19-19 ఎరువు రెండు లీటర్లకు 1 గ్రాము చొప్పున కలిపి వారానికోసారి వేళ్లు తడిసేలా పోస్తే చాలు. కాడ ముదిరాక నెల రోజులు దాని బదులు పొటాష్ ఎక్కువుండే 13-0-45 అదే మోతాదులో ఇవ్వవచ్చు. నెలకోసారి ఉత్త నీళ్లు ధారగా పోసి మిగిలిన ఉప్పు కడిగేయండి. పిండినల్లి కనిపిస్తే దూదితో తుడిచి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి. రాగి లోహం కలిసిన తెగులు మందులు డెండ్రోబియంకు పడవు, మొగ్గల మీద అసలు కొట్టవద్దు.

కొత్తవి కొనాలనిపిస్తే నర్సరీల్లో అమ్మే పెద్దపూల సింబీడియం ఆర్కిడ్ జోలికి వెళ్లకండి. అది సిక్కిం లాంటి చల్లటి కొండల మొక్క, మన దగ్గర బతికినా పూయదు. మీకు వాండా బాగుంటుంది. మన తోటల్లో, చెరువుగట్ల చెట్ల మీద సహజంగా పెరిగే వాండా ఒకటి ఉంది, గోధుమ రంగు గళ్లతో చిన్న సువాసన పువ్వులు పూస్తుంది. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లోనే దాన్ని బొమ్మతో సహా వర్ణించాడు. మీ తోటలో ఏ చెట్టు మీదైనా కనిపిస్తే బదనిక అనుకుని పీకేయనివ్వకండి. అడవిలోవి మాత్రం తేవద్దు, అక్కడ అవి ఇప్పటికే తగ్గిపోతున్నాయి. మీ డెండ్రోబియం పిలకల్లో ఒకదాన్ని కూడా కొబ్బరి మాను మీద తూర్పు వైపు, నడుమెత్తున పాత నూలుగుడ్డ పీలికతో కట్టి చూడండి. వేరు మానును పట్టుకున్నాక గుడ్డ తీసేయవచ్చు.

చలికాలంలో రెండో ఫెలనాప్సిస్‌ను రోజూ గమనించండి. ఆకు మొదట్లోంచి పచ్చటి మొన ఒకటి బయటికి వస్తుంది. గుండ్రంగా, మెరుస్తూ ఉంటే అది వేరు. కొంచెం చదునుగా, పొరలు కప్పినట్టుండి, పైకి చూస్తుంటే అది పూలకాడ. అప్పటి నుంచి కుండీని తిప్పవద్దు, చోటు మార్చవద్దు. కాడ వెలుతురు వైపు వంగుతూ పెరుగుతుంది, తిప్పితే మెలిపడుతుంది. పువ్వు విచ్చుకోవడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది. ఆ మొన ఏదో తేల్చుకోలేకపోతే దగ్గరగా ఫొటో తీసి పంపండి, చూసి చెబుతాను.