ఘాట్ ఎక్కగానే నల్ల పొగ: మెయిన్ జెట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి

సాలూరులో బాగున్న బండి సుంకి ఘాట్ ఎక్కి ఒడిశాలోని సిమిలిగుడ చేరేసరికి నల్ల పొగ వదులుతోంది, పికప్ పడిపోయింది, కార్బ్యురేటర్‌లో (గాలిలో పెట్రోల్ కలిపే భాగం) మెయిన్ జెట్, అంటే పెట్రోల్ వచ్చే ఇత్తడి రంధ్రం, పెద్దది వేయించనా అని అడిగారు. వద్దండి. నల్ల పొగ అంటే ఇప్పటికే పెట్రోల్ ఎక్కువైందని. పెద్ద జెట్ వేస్తే ఇంకా ముదురుతుంది.

సిమిలిగుడలో నేను చాలా ఏళ్లుగా బళ్లు రిపేరు చేస్తున్నాను. కింద నుంచి వచ్చిన ప్రతి బండికీ ఎత్తే కారణమని చెప్పడం ఇక్కడ అలవాటు. అందులో నిజం కొంతే. కార్బ్యురేటర్ గొంతు సన్నబడిన చోట గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. కింద పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నెలోంచి పెట్రోల్‌ను బయటి గాలి ఒత్తిడి జెట్ గుండా పైకి తోస్తుంది. గాలి ఎంత పలచబడిందో జెట్‌కు తెలియదు. సుమారు 900 మీటర్ల ఎత్తులో గాలి ఎనిమిది శాతం దాకా పలచబడితే, పెట్రోల్ తగ్గేది అందులో సగమే. అంటే మిశ్రమం నాలుగైదు శాతం చిక్కబడుతుంది. సరిగ్గా ఉన్న బండి ఆ మాత్రానికి నల్ల పొగ కక్కదు. మీ బండి కిందే కాస్త రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువై, నడుస్తూ ఉండాలి, ఘాట్ ఎక్కాక అది బయటపడింది. పలచటి గాలికి పోయిన పవర్‌ను మాత్రం ఏ జెట్టూ తిరిగి తేలేదు.

ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పండి. ఘాట్‌లో లారీల వెనక దుమ్ము తిన్న ఫిల్టర్ సగం చోక్ (స్టార్టింగ్ కోసం మిశ్రమాన్ని చిక్కబరిచే మీట) వేసినట్టే. తర్వాత చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందా చూడండి. గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ సూది మొన చుట్టూ గాడి పడితే పెట్రోల్ ఆగదు, గిన్నెలో మట్టం పెరుగుతుంది, దాంతో అన్ని స్పీడుల్లోనూ రిచ్ అవుతుంది. ఇక అందరూ వదిలేసేది నీడిల్ జెట్. థ్రాటిల్ (యాక్సిలరేటర్) తిప్పితే లేచే స్లైడ్ కింద వేలాడే నీడిల్, అంటే సన్నటి సూది, పైకీ కిందికీ ఆడుతూ ఆ ఇత్తడి రంధ్రాన్ని ఒక పక్కకు అరగదీస్తుంది. విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. నీడిల్ మీద ఒకవైపు మెరిసే గీత ఉంటుంది. పాత బళ్లలో మైలేజీ పడిపోవడానికి నేను ఎక్కువగా చూసింది ఇదే. రెండూ జతగా మార్చాలి. జెట్లలో తీగ పెట్టి పొడిచే మెకానిక్ దగ్గరకు మాత్రం వెళ్లకండి, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది.

ఏ భాగం తప్పో థ్రాటిలే చెబుతుంది. ఐడ్లింగ్‌లో ఇబ్బంది ఉంటే పైలట్ జెట్, దాని స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. పూర్తిగా తిప్పినప్పుడే మెయిన్ జెట్ రాజ్యం. ఘాట్‌లో మనం ఎక్కువగా ఉండేది మధ్యలోనే, కాబట్టి అవసరమైతే నీడిల్‌ను స్లైడ్‌లో పట్టి ఉంచే క్లిప్ ఒక గాడి పైకి మార్చండి. నీడిల్ కిందికి దిగి పెట్రోల్ తగ్గుతుంది. స్క్రూ విషయంలో జాగ్రత్త: ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే మిశ్రమం పలచబడుతుంది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్ స్క్రూ, దాన్ని లోపలికి తిప్పాలి.

మీది సీవీ కార్బ్యురేటర్ అయితే కథ కొంచెం వేరు. అందులో స్లైడ్‌ను కేబుల్ లాగదు, వాక్యూమ్ లేపుతుంది. పలచటి గాలిలో అది కాస్త తక్కువ లేస్తుంది కనుక ఎత్తును కొంతవరకు తనే సర్దుకుంటుంది. కానీ పైనున్న రబ్బరు డయాఫ్రమ్ చిరిగితే థ్రాటిల్ ఎంత తిప్పినా పికప్ రాదు. అది చూడకుండా జెట్లు కొనకండి.

ఇక్కడ పలచగా సెట్ చేసుకుని అలాగే సాలూరు దిగి ఎండలో పూర్తి థ్రాటిల్‌తో తోలితే ఇంజిన్ వేడెక్కుతుంది, పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. కిందికి వెళ్లి ఉండిపోయేటట్టయితే క్లిప్ పాత గాడికి మార్చేయండి. బండి ఎన్ని సీసీ, పొగ ఎంత థ్రాటిల్ దగ్గర వస్తోందో, ప్లగ్ రంగు ఏమిటో రాస్తే ఇంకా కచ్చితంగా చెప్పగలను.