అరవయ్యో పేజీ దాటాలంటే

నాన్నా,

ఆరు నెలలు ఉద్యోగానికి సెలవు పెట్టి నవల రాయబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. వినగానే గర్వం, ఫోను పెట్టేశాక దిగులు. దిగులు డబ్బు గురించి కాదు, ఆ లెక్కలు నువ్వు చూసుకునే ఉంటావు. "అప్పుడే ఇరవై పేజీలు రాసేశాట్టే" అంది మీ అమ్మ మురిసిపోతూ. నాకు గుండె గుభేలుమన్నది అక్కడే.

ఇంతకాలం ఇతరుల రాతప్రతులు దిద్దుతూ వచ్చినదాన్ని కాబట్టి చెబుతున్నాను. భాష చేతగాక ఆగిపోయే నవలలు తక్కువ. నిర్మాణం లేక ఆగిపోయేవే ఎక్కువ. నీ విషయంలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే నీ వచనం బాగుంటుంది. వచనం చేతగానివాడికి పదో పేజీలోనే అనుమానం వస్తుంది. చేతనైనవాణ్ని వాక్యాలే లాక్కుపోతాయి, అరవై పేజీల దాకా లోపం కనబడదు.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. రోజూ ఒకే వేళకు కూర్చో. ఫైలు రెండు చోట్ల దాచుకో. నిన్న రాసింది ఇవాళ దిద్దకు. కొలత ముందే అనుకో: మొదటి నవలకు 50,000 మాటలు చాలు. పేజీకి 220 మాటలు పడతాయనుకుంటే సుమారు 225 పేజీల పుస్తకం అవుతుంది. సీనుకు 1,100 మాటల చొప్పున 45 సీన్లు, ఇరవై అధ్యాయాలు. ఇవేం శాసనాలు కావు, అటూ ఇటూ అవుతాయి. కానీ మొత్తం ఎంతో తెలిస్తేనే సగం ఎక్కడో తెలుస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. "ముందు రాసుకుంటూ పోదాం, నిర్మాణం సంగతి తర్వాత చూద్దాం" అనుకోవడం చాలా పాత తప్పు. అది ఎలా ముంచుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఓపిగ్గా చదువు.

మొదటి అరవై పేజీలు దాదాపు ఎవరి చేతనైనా నడుస్తాయి. అప్పటిదాకా కొత్త మనుషులు వస్తూనే ఉంటారు. తండ్రి వస్తాడు, అన్న వస్తాడు, పాత స్నేహితురాలు వస్తుంది, వాళ్లు బతికే ఇల్లూ వీధీ వస్తాయి. ఎవరో ఒకరు వచ్చినప్పుడల్లా చదివేవాడికి కుతూహలం, రాసేవాడికి హుషారు. ఆ హుషారు చూసి కథ కదులుతోందనుకుంటాడు. నిజానికి పరిచయాలు జరుగుతున్నాయి, అంతే. డెబ్భయ్యో పేజీకి రావలసినవాళ్లంతా వచ్చేసి ఉంటారు. తీరా చూస్తే ఎవరికీ ఎవరితోనూ తప్పనిసరి పని ఉండదు. ఎవరు ఏ గదిలోంచి లేచి వెళ్లిపోయినా కథకు నష్టం లేదు.

అప్పుడు చేసేవి మూడే. కొత్త పాత్రను దించడం, ఏదో ప్రమాదమో జబ్బో తెచ్చిపెట్టడం, లేదా ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లి గతం చెప్పడం. ఒక్కొక్కటీ పది పదిహేను పేజీలు లాగుతుంది, మళ్లీ ఆగుతుంది. మూడింటిలోనూ గతం చెప్పడమే ఎక్కువ మోసం చేస్తుంది. అయిపోయిన సంగతులు కాబట్టి చకచకా రాయొచ్చు, పేజీలు పెరుగుతాయి, జ్ఞాపకాల్లో భాష కూడా అందంగా కుదురుతుంది. ఇవతల కథ మాత్రం నిలబడ్డచోటే నిలబడి ఉంటుంది. "ఈ మనిషి ఎందుకిలా అయ్యాడు?" అని పాఠకుడు తనంతట తాను అడిగేదాకా గతం విప్పకూడదు. అడగకముందే చెబితే వినడు.

ఇంత చేసినా నడవకపోతే అరవయ్యో పేజీని తిరగరాయడం మొదలవుతుంది. ఎన్నిసార్లు తిరగరాసినా అది బాగుపడదు, లోపం అక్కడ లేదు కాబట్టి. రెండో అధ్యాయంలో ఆ మనిషికి ఏం కావాలో, ఏది అడ్డొస్తుందో నాటి ఉండాల్సింది, నాటలేదు. ఇప్పుడు నాటుదామంటే మొదటి పేజీలన్నీ చెక్కి చెక్కి నునుపుగా తయారై ఉంటాయి, చెయ్యి పెట్టడానికి మనసొప్పదు. నెలలు గడిచిపోతాయి. ఆఖరికి "నాకు రాయడం రాదేమో" అనుకుంటాడు.

నా భయమంతా ఆ మాట గురించేరా. ఆగిన పుస్తకాన్ని మళ్లీ ఎత్తుకోవచ్చు. కట్టుకోవాల్సిన తీరులో కట్టుకోనందుకు, నీలో సరుకే లేదనుకుని నువ్వు కలం పక్కన పెడతావేమోనని నా బెంగ.

చిన్నప్పుడు నాకు కథలు చెప్పేవాడివి గుర్తుందా? "తర్వాతేమైంది?" అని అడిగితే చాలు, ఇంకో రాక్షసుణ్ని దింపేవాడివి. ముద్దొచ్చేది. రెండు వందల పేజీలకు ఆ పద్ధతి సరిపోదు నాన్నా.

అందుకని ఆ ఇరవై పేజీలూ ఒక కవర్లో పెట్టి మూసెయ్. పారెయ్యమనడం లేదు, ఇప్పట్లో తెరవకు. ఒక తెల్లకాగితం తీసుకుని ఒకే వాక్యం రాయి: ఎవరు, ఏం కావాలనుకుంటున్నారు, ఏది అడ్డు, దొరక్కపోతే ఏం పోతుంది. పాతిక మాటలు మించకూడదు. "మనిషి ఒంటరితనం గురించి" అని రాశావంటే అది విషయం, కథ కాదు. ఈ ఒక్క వాక్యానికి వారం పట్టినా కంగారుపడకు. తర్వాత చివరి అధ్యాయంలో ఏం జరుగుతుందో అయిదారు వరసల్లో రాసుకో. అది మారినా ఫరవాలేదు, కానీ ఏదో ఒకటి ఉండాలి. ఎక్కడికి చేరాలో తెలియకుండా మధ్యలో ఏది వదిలెయ్యాలో ఎవరూ తేల్చుకోలేరు.

ఇప్పుడు కార్డులు. అరచేతిలో పట్టే అట్టముక్కలు, సీనుకొకటి. ప్రతిదానిమీదా నాలుగు సంగతులు రాయి: ఎక్కడ, ఎవరి కళ్లతో చూస్తున్నాం, ఆ మనిషి అప్పుడు ఏం ఆశించి వచ్చాడు, సీను ముగిసేసరికి ఏం మారింది. నాలుగోదానికి జవాబు దొరకని కార్డును పక్కన పెట్టు. అది వర్ణన కావచ్చు, సంభాషణ కావచ్చు, సీను మాత్రం కాదు. దాన్లో నీకిష్టమైన వాక్యాలుంటే వాటిని వేరే సీనులోకి తెచ్చుకోవచ్చు.

కార్డులు వరసగా నేలమీద పరిచి రెండేసి కార్డుల మధ్య "అందుకని" గానీ "కానీ" గానీ పెట్టి చదువు. "ఆ తర్వాత" మాత్రమే పడుతోందంటే అక్కడ అతుకు వదులు. ఒక ఉదాహరణ చూడు. తండ్రి పోయాడు. ఆ తర్వాత కూతురు ఇంటికొచ్చింది. ఆ తర్వాత అన్నతో మాటా మాటా వచ్చింది. ఆ తర్వాత పాత స్నేహితురాలు కలిసింది. ఆ తర్వాత బీరువాలో, ఎవరో తెలియని మనిషికి తండ్రి రాసిచ్చిన ప్రామిసరీ నోటు దొరికింది. ఒక్కొక్కటీ బాగానే రాయొచ్చు. కానీ స్నేహితురాలి సీను తీసేస్తే ఏం కూలుతుంది? ఏమీ కూలదు.

అవే అయిదు సీన్లను ఇలా కట్టు. తండ్రి పోయాడు, అందుకని కూతురు రెండు రోజులుండి వెళ్లిపోదామని వచ్చింది. కానీ అప్పులవాడు ఇంటికొచ్చి కూర్చున్నాడు, అందుకని తండ్రి కాగితాలు వెతకాల్సి వచ్చింది. కానీ అన్న బీరువా తాళం ఇవ్వనన్నాడు, గొడవ అక్కడ పుట్టింది. అందుకని, తండ్రి దగ్గర లెక్కలు రాసిన పాత స్నేహితురాలి గడప తొక్కక తప్పలేదు. ఇద్దరికీ పదేళ్లుగా మాటల్లేవు. నోటు నకలు ఆమె దగ్గర దొరికింది, కానీ దాన్లో సాక్షి సంతకం చేసింది అన్నే. చూశావా, అప్పులవాడు తప్ప కొత్తగా ఏమీ రాలేదు. స్నేహితురాలు ఊరికే కలవడం పోయి, కూతురు అహం చంపుకుని వెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడా సీను తీసెయ్యలేవు.

తీసి చూడటం కూడా చాలా పాత పరీక్షే. ఉన్నా లేకపోయినా తేడా తెలియనిది మొత్తంలో భాగమే కాదని అరిస్టాటిల్ చెప్పాడు. నాలుగైదు కార్డులు లాగి చూడు, ఎన్ని నిలుస్తాయో.

మధ్యభాగం గురించి నీకు ఎవరూ సరిగ్గా చెప్పరు, "ఆసక్తి తగ్గకుండా చూసుకో" అంటారు. ఎలా చూసుకోవాలో భరతుడి నాట్యశాస్త్రంలో ఉంది. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణ అని అయిదు సంధులు, అంటే కథలో వరసగా వచ్చే అయిదు భాగాలు. రూపకాల కోసం, అంటే నాటకాల కోసం చెప్పినవే అయినా నవలకు అక్షరాలా పనికొస్తాయి. నడుమన ఉన్న గర్భసంధిలో ఏం జరగాలంటాడు? కోరినది దొరకాలి, చేజారాలి, మళ్లీ వెతుకులాట మొదలవ్వాలి. నీ 15వ కార్డు నుంచి 30వ కార్డు దాకా ఇదే చూసుకో: కనీసం రెండుసార్లు దొరికి జారిపోవాలి. రెండోసారి జారడం మొదటిసారిలా ఉండకూడదు, ఇంకా ఖరీదైనదిగా ఉండాలి. దాని తర్వాతి విమర్శసంధిలో, ఇక చేతికొచ్చినట్టే అనుకున్నప్పుడు, కోపమో ఆపదో ప్రలోభమో అడ్డుపడుతుంది. ఈ మూడింటిలో నీ పాత్రకు ఏది నప్పుతుందో ఇప్పుడే తేల్చుకో. అది ఆ మనిషి స్వభావంలోంచి రావాలి, లారీ గుద్దడంలోంచి కాదు.

ఉపకథల సంగతి కూడా ఆ శాస్త్రంలోనే ఉంది. పొడుగ్గా సాగే ఉపకథ పతాక, చిన్నది ప్రకరి. పతాక గర్భంలోనో విమర్శలోనో ముగిసిపోవాలన్నాడు. అంటే నీ ఉపకథ 35వ కార్డు దాటి సాగితే చివరి భాగాన్ని తినేస్తుంది. పతాకకు సుగ్రీవుడి కథే చూడు. అతనికి రాజ్యం కావాలి, రాముడికి సీత జాడ కావాలి. ఇద్దరి అవసరాలూ ముడిపడ్డాయి కనుకే అది అడ్డుకథ కాలేదు. నీ ఉపకథలో మనిషికి నాయకుడితో అలాంటి ఇచ్చిపుచ్చుకోవడం ఏముందో అడుగు. లేదంటే అది ఇంకో పుస్తకానికి దాచుకో.

ముగ్గురి నోట కథ చెప్పిస్తావట, మీ అమ్మ అంది. వద్దనను. కానీ ఆ ముగ్గురిలో ఒక్కొక్కరికీ మిగతా ఇద్దరికీ తెలియనిది ఒకటి తెలిసి ఉండాలి. లేకపోతే ఒకే సంఘటనను మూడుసార్లు చదవాల్సి వస్తుంది. ఎటూ తేలకపోతే ఒక్కరి కళ్లతో, కాలం సూటిగా నడిపించు. మొదటి నవలకు అదే నయం.

రెండు పట్టికలు గీసుకో. ఒకటి కాలానిది: సీను నంబరు, నెల, అప్పటికి ఎవరి వయసెంత. ఎనిమిదో అధ్యాయంలో పదేళ్ల పిల్ల, ఏడాది గడిచిన పదహారో అధ్యాయంలో తొమ్మిదేళ్లదై కూర్చోవడం అచ్చయిన పుస్తకాల్లో కూడా దొర్లుతుంది. రెండోది రహస్యాలది: ఏ సంగతి ఎవరికి ఏ సీనులో తెలిసింది. సీన్లు అటూ ఇటూ జరిపినప్పుడు ఇదే ముందు దెబ్బతింటుంది. పదిహేనో అధ్యాయంలో తెలియాల్సిన సంగతిని పన్నెండులోనే ఎవరో మాట్లాడేస్తుంటారు.

ఇదంతా చేస్తే పాత్రలు కీలుబొమ్మలైపోతాయేమో అంటావు, నాకు తెలుసు. అలా కాదు. రాస్తూండగా ఒక పాత్ర నీ కార్డు మాట వినకపోతే, పాత్ర మాటే విను. కానీ ఆ రోజు రాయడం ఆపి ముందు కార్డులు మార్చు, ఆ మార్పు చివరిదాకా ఏమేం కదిలిస్తుందో చూసి అప్పుడు ముందుకు పో. అట్టముక్క మార్చడానికి పది నిమిషాలు, ముప్పై పేజీలు మార్చడానికి నెల. నీకున్నవి ఆరు నెలలు. మొదటి నెల కార్డులకే పోనీ. రోజుకు 700 మాటలు, వారానికి ఆరు రోజులు రాస్తే మూడు నెలల్లో 50,000 దాటతావు. మిగిలిన రెండు నెలల్లో ఒక నెల ఆ కాగితాల జోలికే వెళ్లకు, హాయిగా తిరుగు, నిద్రపో. ఆఖరి నెలలో రాసినదాన్నిబట్టి ఒక్కో అధ్యాయానికి ఒక్కో వాక్యం మళ్లీ రాసి, పక్కన పేజీల సంఖ్య వేసుకో. మొదటి మూడు రోజుల కథ ఎనభై పేజీలు, మిగిలిన ఏడాది నూటనలభై పేజీలు అయిందనుకో, ఎక్కడ ఊబిలో దిగావో ఆ అంకెలే చెబుతాయి. చదివి పెట్టమని ఇద్దరికే ఇవ్వు. "బాగుందా?" అని అడగకు, మొహమాటానికి బాగుందనే అంటారు. "ఎక్కడ పుస్తకం పక్కన పెట్టారు?" అని అడుగు. ఇద్దరూ ఒకే చోటు చెబితే, దానికి ముందు పది పేజీలు వెతుకు.

కార్డులు పూర్తవగానే నేలమీద పరిచి ఫొటోలు తీసి పంపు. అక్షరాలు కనబడేలా, దగ్గర్నుంచి. మొదటి అధ్యాయం మాత్రం పంపకు, ఎంత బతిమాలినా చదవను. మీ అమ్మకు కూడా చూపించకు. అది మెచ్చుకుంటుంది, నువ్వు ఆ అధ్యాయాన్ని మార్చలేకపోతావు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ