వికలాంగులకే పరిమితమైన అవకాశం ఇతరుల పట్ల వివక్ష అవుతుందా?

సాధారణంగా కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 5వ అధికరణం, వాస్తవమైన సమానత్వాన్ని సాధించడానికి అవసరమైన ప్రత్యేక చర్యలను వివక్షగా పరిగణించరాదని చెబుతోంది. ఆస్ట్రేలియాలో 1992 నాటి వికలాంగుల వివక్ష నిరోధక చట్టంలోని 45వ సెక్షన్ ఇటువంటి మినహాయింపునే ఇస్తుంది: వికలాంగులకు సమాన అవకాశాలు కల్పించాలనో, వారి ప్రత్యేక అవసరాలు తీర్చాలనో సహేతుకంగా ఉద్దేశించిన చర్య చట్టవిరుద్ధం కాదు. బ్రిటన్‌లోని 2010 సమానత్వ చట్టం ప్రకారం కూడా, వికలాంగులను ఎక్కువ అనుకూలంగా చూసినంత మాత్రాన వైకల్యం లేనివారు వివక్షకు గురైనట్లు కాదు.

అయితే ఆస్ట్రేలియా చట్టంలోని మినహాయింపు ఆ చర్యకు అవసరమైన మేరకే వర్తిస్తుందన్న సంగతిని చాలామంది గమనించరు, నా దృష్టిలో అసలు కీలకం అదే. ఉదాహరణకు, అంధుల కోసం నడిపే శిక్షణ కార్యక్రమంలో చూపు ఉన్నవారిని చేర్చుకోకపోవచ్చు. కానీ అంధత్వంతో పాటు వినికిడి లోపం కూడా ఉన్న అభ్యర్థిని ఆ కారణంగా తిరస్కరిస్తే, ఆ తిరస్కరణ కార్యక్రమ నిర్వహణకు నిజంగా అవసరమని చూపలేనప్పుడు, ఆస్ట్రేలియా చట్టంలోని ఈ సెక్షన్ నిర్వాహకులకు రక్షణ ఇవ్వదు. వికలాంగుల కోసం పెట్టిన పథకమే మరో వికలాంగుణ్ణి బయట నిలబెట్టడం అన్యాయం కదా. ఇక ర్యాంపు, సంజ్ఞాభాష అనువాదకుడు వంటి సహేతుకమైన సర్దుబాట్లు వేరు. అవి వ్యక్తి అవసరాన్ని బట్టి యజమాని నెరవేర్చవలసిన బాధ్యతలు.