కలిగిరి సభలో మాట్లాడబోయే మేనల్లుడికి

నాయనా,

నువ్వు పంపిన ప్రసంగం చదివాను. "కష్టమే జాతికి బలం, సుఖం మరిగిన జాతి చెడిపోతుంది" అని ఎత్తుకున్నావు. ఎందరికో ప్రసంగాలు రాసిచ్చిన చెయ్యి నాది, ఈ సరుకు ఎక్కడిదో నాకు తెలుసు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ 1899 ఏప్రిల్‌లో చికాగోలోని హామిల్టన్ క్లబ్బులో చెప్పిన మాటలివి. ఆయన ఎదురుగా కూర్చున్నది కడుపులో చల్ల కదలకుండా బతికే పెద్దమనుషులు. వాళ్ళను ఒళ్ళు వంచమన్నాడు, బాగానే ఉంది. పనిలో పనిగా ఫిలిప్పీన్స్‌ను అమెరికా చేతిలో పెట్టుకోవాలనే వాదన కూడా అందులో కలిపేశాడనుకో.

నీ ఎదురుగా కూర్చునేదెవరు? పొగాకు రైతులు, కూలీలు. పొగాకు కాల్చే బ్యారన్ (కొట్టం) దగ్గర రాత్రంతా కట్టెలు ఎగదోసి, ఆకు రంగు చెడకుండా కళ్ళలో వత్తులేసుకుని కాచి, బేళ్ళు కట్టి వేలానికి తెస్తే, కొనేవాడు లేడని "నో బిడ్" అనిపించుకుని పక్కన పెట్టించుకునేవాళ్ళు. వాళ్ళకా నువ్వు కష్టం గొప్పదనం చెప్పేది? మర్యాద తెలిసినవాళ్ళు కాబట్టి చప్పట్లు కొడతారు. ఆటో ఎక్కాక నవ్వుకుంటారు.

ఆ మొదటి పేజీ తీసేసి దూబగుంటతో మొదలుపెట్టు. అది నెల్లూరు జిల్లాలో, మీ కలిగిరి మండలంలోదే. 1992లో అక్కడి ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే జిల్లా అంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. తాగొచ్చిన మొగుళ్ళ దెబ్బలు ఓర్చుకున్నందుకు వాళ్ళను ఎవరూ తలుచుకోవడం లేదు, ఇక ఓర్చుకోం అన్నందుకే తలుచుకుంటున్నారు.

జనాన్ని త్యాగం అడిగేటప్పుడు ఏది, ఎంత, ఎందుకు అన్నది చెప్పాలి. 1965లో యుద్ధం, తిండిగింజల కొరత ఉన్న రోజుల్లో లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానమన్నారు. ముందు తన ఇంట్లోనే పొయ్యి వెలిగించొద్దన్నారని చెప్పుకుంటారు. జనం విన్నారు. నువ్వు ఏసీ కారు దిగి "త్యాగాలకు సిద్ధం కండి" అంటే ఎవరు సిద్ధమవుతారు?

ప్రకాశం పంతులుగారి ముచ్చట ఉంచుకో. కానీ 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ మీద నిరసనలో ఆయన తుపాకీకి ఎదురుపెట్టింది తన రొమ్మునే, పక్కవాడిది కాదు. అది మరిచిపోయి చదవకు.

బేళ్ళు తిప్పి పంపే సంగతిలో నువ్వేం చేయగలవో ఒక్క పేరా రాసి ఆదివారంలోగా పంపు. చేతకాని హామీ అయితే వద్దు. పది నిమిషాలకు మించొద్దు, ఎండలో కూర్చునుంటారు. అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య